నసురు తేనె, నూట తొంభై ఆరు గళ్ళు

2024 ఫిబ్రవరి 8, గురువారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. ఆకాశం తేటగా ఉంది. నేల మీద మాత్రం మోకాటి ఎత్తున మంచు పరుచుకుని ఉంది. మురుగమల్ల దాటినప్పటి నుంచి బస్సు అద్దాలకు లోపలి వైపు చెమ్మ పట్టింది. మా అక్క ఇంటి పశువుల కొట్టంలో ఒక ఉష్ణమాపకం వేలాడుతోంది. పట్టుపురుగుల ఇంటి కోసం కొన్నది, పంట లేని రోజులు కాబట్టి అక్కడికి చేరింది. అది పదహారు డిగ్రీలు చూపుతోంది. ఆ నిమిషాన నేను ఆవు కుడి వెనక తొడ మీది పుండును మొదటిసారి చూశాను. చూశాను అనడం పూర్తిగా సరికాదు. ముందు వాసన వచ్చింది, తరువాత పుండు కనిపించింది.

నేను సర్వే ఇలాఖాలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. చిక్కబళ్లాపురంలో చేరి, బాగేపల్లిలో చాలాకాలం ఉండి, చింతామణిలో పదవీ విరమణ చేసి, అక్కడే ఇల్లు కట్టుకున్నాను. గట్టు కోసం కొట్టుకునే అన్నదమ్ముల మధ్య కొలత గొలుసు పరిచినవాణ్ణి. అటువాళ్లు చెప్పిందీ ఇటువాళ్లు చెప్పిందీ శ్రద్ధగా వినేవాణ్ణి, కానీ రాసేది మాత్రం గొలుసు చెప్పిందే. ఆ అలవాటు ఉద్యోగంతో పోలేదు. అందుకే అక్క ఫోన్లో "పుండు పెద్దదైపోతాండాది రా, వచ్చి చూడు" అన్నప్పుడు, ఎంత పెద్దది అని నేను అడగలేదు. సంచిలో స్కేలు, గళ్ళ కాగితం, మార్కర్ పెన్ను వేసుకుని బస్సెక్కాను.

జరిగినది ఇది. జనవరి 19న మల్బరీ తోట చుట్టూ ఉన్న ముళ్లకంచెలో ఆవు చిక్కుకుంది. తొడ మీది చర్మం అరచేయి మేర చీలి వేలాడింది. మా మేనల్లుడు, అంటే అక్క కొడుకు, చేతికందిన మందు చల్లాడు. ఆ మందు పట్టుపురుగుల తట్టల్లో రోగం రాకుండా చల్లే తెల్లటి పొడి. అందులో సున్నం ఉంటుంది. పురుగును కాపాడేది పశువునూ కాపాడుతుందని ఈ వైపు పట్టు రైతుల నమ్మకం. పచ్చి మాంసం మీద సున్నం పడితే ఏమవుతుందో అదే అయింది. అంచులు కాలి నల్లబడ్డాయి. పశు ఆస్పత్రి డాక్టరమ్మ వచ్చేసరికి పుండులో పురుగులు కదులుతున్నాయి. ఆమె వాటిని ఏరి తీసింది, కుళ్లిన చర్మం కోసేసింది, అయిదు రోజులు సూదులు వేసింది. జ్వరం పోయింది, పురుగులూ పోయాయి. పుండు మాత్రం మిగిలింది. అది ఎండదు, చిన్నదీ కాదు.

ఇక్కడ గడువు గురించి చెప్పాలి. మేనల్లుడి పురుగుల ఇంటికి ఫిబ్రవరి 29న చాకి పురుగులు రావలసి ఉంది. గుడ్లు పొదిగి, రెండు జ్వరాలు దాటేదాకా ఒక కేంద్రంలో పెంచి రైతుకు ఇచ్చే పిల్ల పురుగులే చాకి. జ్వరం అంటే పురుగు మేత మాని, కదలక, చర్మం విడిచే రోజు. గూడు కట్టేలోపు నాలుగు జ్వరాలు. అవి వచ్చాక అక్కవీ, మేనల్లుడివీ, అతడి భార్యవీ, ఇంట్లో ఉన్న ఆరు చేతులూ ఆకు కోయడానికీ మేత వేయడానికీ చాలవు. పుండు ముట్టిన చేయి పురుగును ముట్టరాదు. పైగా కిందటి పంటలో ఊజి ఈగ దూరి మూడో వంతు పురుగులు పోయాయి. ఆ ఈగ పురుగు మీదే గుడ్డు పెడుతుంది, దాని పిల్ల పురుగును లోపలి నుంచి తినేస్తుంది. ఊజి ఈగ వేరు, పుండు మీద వాలే ఈగ వేరని డాక్టరమ్మ చెప్పినా మేనల్లుడికి ఎక్కలేదు.

"ఈగ ఈగే మామా. ఇరవై రోజుల్లో చాకి వస్తాండాది. ఈ ఆవును పెట్టుకోని నేను పంట తీయలేను" అన్నాడు.

"ఇరవై ఒక్క రోజులు. ఈ ఏడు ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది" అన్నాను.

"ఆ ఒక్క దినంలో మాన్పిస్తావా?"

దళారి ఒకడు అప్పటికే వచ్చి చూసి పోయాడు. ఆవు ఆరో నెల చూడిది. తొడ మీద అంత పుండున్న ఆవును కొనేవాడు పాల కోసం కొనడు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అక్క మాత్రం మూడు రోజులుగా కొట్టంలోనే పడుకుంటోంది. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. కుడిచేతి రెండు వేళ్లు వంగవు. ఆ చేత్తో పిండినా కాలు కదపకుండా నిలబడే ఆవు ఇదొక్కటే. దీని తల్లి గడ్డల రోగం వచ్చిన ఏడు పోతే, పది దినాల దూడను అక్క సీసాతో పాలు పట్టి పెంచింది.

"నసురు తేనె పూస్తే మానతాది రా" అంది అక్క. "మనమ్మ పూసేది కదా, గొర్రెలకి."

"పూసేది, నాకూ గుర్తుంది. ఎన్నింటికి పూసింది? ఎన్ని మానాయి?"

"లెక్క యాడిది రా? మానేవి, మేసేవి."

నసురు తేనె అంటే కుట్టని చిన్న తేనెటీగలు చేసేది. ఆ ఈగ దోమ కన్నా కొంచెం లావు, నల్లగా ఉంటుంది. కన్నడంలో నసరు జేను అంటారు, మా నోట్లో అది నసురు అయింది. చెట్టు తొర్రలోనో గోడ సందులోనో చేరి, మైనంతో, చెట్టు బంకతో వాకిలికి చిన్న గొట్టం కట్టుకుంటాయి. పెద్ద తేనెటీగల్లాగా తెట్టె పెట్టవు. మిరియాలంత, ద్రాక్షగింజంత కుండలు కట్టి వాటిలో దాస్తాయి. ఆ తేనె నీళ్లలా పలుచగా, పుల్లగా ఉంటుంది. అక్కావాళ్ల పురుగుల ఇంటి రాతిగోడలో, బయటి వైపు, రొమ్ము ఎత్తులో అటువంటి గూడు ఒకటి ఉంది. ఏ రాయి కదులుతుందో అక్కకు తెలుసు.

నేను డాక్టరమ్మకు ఫోన్ చేశాను. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"తేనెతో పుండ్లు మానేది మాకు కొత్తేం కాదు సార్. అయితే దాంట్లో ఇంకేం కలపగూడదు. పసుపు వద్దు, సున్నం వద్దు, మీ మేనల్లుడి పొడి అసలే వద్దు. ఉప్పునీళ్లతో కడిగి, శుభ్రమైన గాజు గుడ్డ, కట్టు కట్టే పలుచటిది, తేనెలో తడిపి పెట్టండి, దినం విడిచి దినం మార్చండి. చీము వాసన వచ్చినా, జ్వరం వచ్చినా, ఒక్క పురుగు కనపడినా తేనె ఆపి నాకు ఫోన్ చేయాల. మానతాందో లేదో మీకెట్ల తెలస్తాది?"

"కొలుస్తానమ్మా."

"పుండునా?"

"హద్దు ఉన్నదేదైనా కొలవవచ్చు."

కొత్త చొక్కా ప్యాక్ చేసి వచ్చిన పలుచని ప్లాస్టిక్ కాగితాన్ని కడిగి ఆరబెట్టాను. దాన్ని పుండు మీద ఆనీ ఆనకుండా పట్టుకుని, అంచు వెంబడి మార్కర్‌తో గీత గీశాను. ఆ గీతను గళ్ళ కాగితం మీద పరిచాను. గడి అరసెంటీమీటరు. సగమో అంతకన్నా ఎక్కువో లోపలుంటే ఒక గడి, సగం కన్నా తక్కువైతే వదిలేయాలి. పొలం మోజిణిలో, అంటే సర్వే కొలతలో, వంకర గట్టును లెక్కించినప్పుడు నేను పాటించిన పద్ధతే ఇది. మూడుసార్లు లెక్కపెట్టాను. నూట తొంభై ఆరు గళ్ళు.

మేనల్లుడు నా వెనక నిలబడి చూస్తున్నాడు.

"మామా, ఇది సర్వే నంబరు గాదు, ఆవు తొడ."

"తగాదా మాత్రం ఉంది కదప్పా. అందుకే కొలుస్తున్నాను. 29వ తేదీ చాకి వచ్చినప్పుడు మళ్లీ కొలుస్తాను. సగానికి, అంటే తొంభై ఎనిమిదికి దిగితే ఆవు ఇక్కడే ఉంటుంది. తొంభై తొమ్మిది ఉన్నా ఆ దళారికి నేనే ఫోన్ చేస్తాను."

"అమ్మ ఏడ్చినా?"

"ఏడ్చినా."

అక్క మా ఇద్దరినీ చూసి, "నా ఆవుకి మీరు పంచాయితీ పెట్టినారా!" అని, కడుగునీళ్లు కాచడానికి లోపలికి పోయింది. అది ఒప్పుకోవడమే.

రాయి కదిపి, బయటి వరుస కుండల్లోంచి మాత్రమే, డాక్టరమ్మ ఇచ్చిన సూది లేని సిరంజితో తేనె లాగాము. నడిమి గూడు జోలికి పోలేదు. యాభై మిల్లీలీటర్లు వచ్చింది. ఆ ఈగలు కుట్టవు, నిజమే. జుట్టులోనూ చెవుల్లోనూ దూరి మెత్తగా కొరుకుతాయి. నా చెవిలోంచి అక్క మూడు ఈగలు తీసింది.

ఒక కట్టుకు ఎనిమిది మిల్లీలీటర్లు. తడిపిన గాజు గుడ్డ పుండు మీద పెట్టి, దానిపై ఉతికిన నూలు గుడ్డ మడిచి పెట్టి, పాత చీర అంచుతో నడుము చుట్టూ బిగించాము. పది నిమిషాలు కాకముందే ఆవు మెడ తిప్పి, కట్టు కిందినుంచి కారిన తేనెను నాకడం మొదలుపెట్టింది.

"చూడు మామా, మందు తాగతాండాది! దానికి కడుపులో పుండు అనుకొనింది" అన్నాడు మేనల్లుడు.

తలుగు పొట్టిగా కట్టాము. మరుసటి దినం చీమలు వచ్చాయి. కాలి గిట్ట మొదలుకొని తొడ దాకా ఒక్క వరుస. అక్క ఆవును మట్టిగోడ పక్కనుంచి తప్పించి, నడి కొట్టంలో కట్టి, చుట్టూ నేల ఊడ్చి, పొద్దున సాయంత్రం తడి ఇసుక పోసింది. చీమల దారి తెగింది. ఇటువంటివి ఏ పద్ధతిలోనూ ముందుగా రాసి ఉండవు. ఎదురైనప్పుడు ఒక్కొక్కటీ తీర్చుకుంటూ పోవాలి.

నేను ప్రతి సోమవారం చింతామణి నుంచి వచ్చి కొలిచేవాణ్ణి. ఆ దినం కట్టు మార్చేది కాకపోతే, గుడ్డ ఎత్తి, గీత గీసి, మళ్లీ కప్పేవాళ్లం. మొదటి సోమవారం, ఫిబ్రవరి 12న, లెక్క రెండు వందల మూడు.

ఏడు గళ్ళు పెరిగింది. నాలుగుసార్లు లెక్కపెట్టినా అదే.

"తప్పు గీసినావేమో రా" అంది అక్క.

"తప్పు గీయలేదక్కా. పెరిగింది."

డాక్టరమ్మ వచ్చి చూసి, కాలిన నల్లటి అంచు ఊడిపోయిందని, కింద ఎర్రగా, శుభ్రంగా ఉందని, వాసన పూర్తిగా పోయిందని చెప్పింది. "చచ్చిన తోలు పోతే పుండు పెద్దగా కనపడతాది సార్. ఇప్పుడే అసలు పుండు మొదలైనట్ల" అంది. ఆమె చెప్పిన కారణం సరైనదే. అయినా నేను రెండు వందల మూడు అనే రాశాను. కారణం వేరు, అంకె వేరు. ఒప్పందంలో నూట తొంభై ఆరుకు సగమని ఉంది కాబట్టి ఆ సగమూ మారదు.

19వ తేదీ సోమవారం, నూట యాభై ఎనిమిది. అంచుల చుట్టూ గులాబిరంగు కొత్త తోలు సన్నని నూలుపోగులా కనిపించింది. ఆ సాయంత్రం బస్సులో నేను మొదటిసారి అంకెను మనసులో ముందుకు జరిపి చూసుకున్నాను. ఇదే వేగమైతే 29 నాటికి తొంభై ఎనిమిదికి అటూ ఇటూ. అంటే చెప్పలేము.

మరునాడు, మంగళవారం, పొద్దున ఎనిమిదికి అక్క ఫోన్.

"నసురుది వాకిలి మూసేసినాడు రా వీడు. సిమెంటు పెట్టి. సీసాలో తేనె అయిపోయింది, తీసుకుందామని పోతే గోడ నున్నగా ఉండాది."

నేను చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. పురుగుల ఇంటి చుట్టూ సున్నపు వాసన. పంటకు ముందు ఇల్లు శుద్ధి చేయడం మొదలుపెట్టారు. ఊజి ఈగ దూరే దారి ఒక్కటి కూడా ఉండకూడదని మేనల్లుడు ముందురోజు సాయంత్రం, నేను బస్సెక్కాక, గోడలోని ప్రతి సందునూ లోపలా బయటా సిమెంటుతో పూడ్చాడు. కిటికీలకు కొత్త వల బిగించాడు. పట్టు రైతు చేయవలసిన పనే. ఈగ ఆకారంలో ఏది కనిపించినా అతడికి అది కిందటి పంటలో పోయిన మూడో వంతే. రొమ్ము ఎత్తులో, నిన్నటిదాకా నల్లటి గొట్టం ఉన్న చోట, తడి ఆరని సిమెంటు ముద్ద. దాని ముందు గాలిలో రాత్రంతా బయట మిగిలిపోయిన ఈగలు గుంపుగా ఆడుతున్నాయి. గోడకు తగిలి, వెనక్కి పోయి, మళ్లీ అక్కడికే వస్తున్నాయి.

"అవి నసురు ఈగలప్పా, ఊజి కాదు."

"నాకు తెల్దా మామా? కానీ వాటికి దారుంటే దానికీ దారే. ఈ పంట కూడా పోతే నా గతేమి?"

ఇది నేను గట్ల మీద వందసార్లు చూసిన తగాదా. ఇద్దరూ నిజమే చెబుతారు. అప్పుడు అరవడం వల్ల లాభం లేదు, హద్దు ఎక్కడో చూడాలి. నేను లోపలికీ బయటికీ రెండుసార్లు తిరిగి చూశాను. గోడ మందం ఒకటిన్నర అడుగు. గూడు మధ్యలో ఉంది. లోపలి ముఖం మూయబడే ఉంది, అది అలాగే ఉండవచ్చు. బయటి ముఖానికి మాత్రం ఒక దారి చాలు.

"లోపలి సిమెంటు నేను ముట్టను. ఇంకో పూత పూసుకో. బయట మాత్రం దారి తీస్తాను. నీ ఇంట్లోకి ఒక్క ఈగ రాదు. వస్తే ఆ పొద్దే నేనే మూస్తాను."

అతడు తానే పోయి ఉలి, సుత్తి తెచ్చాడు. సిమెంటు పైన గట్టిపడినా లోపల పచ్చిగానే ఉంది. అరగంటలో తీశాము. తోటలో చుక్కనీటికి పరిచిన నల్లటి సన్న పైపు ముక్క ఒకటి, జానెడు, ఆ రంధ్రంలో దోపి, చుట్టూ బంకమట్టి మెత్తి, కొన బయటికి వదిలాము. గొట్టం కట్టుకునే ఈగలకు గొట్టమే ఇచ్చాము. మొదటి గంట ఏదీ దూరలేదు. రెండో గంటలో ఒకటి పైపు అంచున వాలి, చుట్టూ నడిచి, లోపలికి పోయింది.

అక్క ఊపిరి వదిలింది. నేను వదలలేదు. ఎందుకంటే గూడు బతికినా దానిలోంచి ఇప్పుడు చుక్క తేనె తీయకూడదు. ఆవు మీద మాత్రం ఉప్పునీళ్లలో తడిపిన ఉత్త గుడ్డ ఉంది. మేనల్లుడు చింతామణి అంగట్లోది తేనె సీసా తెస్తానన్నాడు. డాక్టరమ్మ వద్దంది. దాంట్లో ఎంత తేనో ఎంత పాకమో తనకు తెలియదని, తెలియనిది పచ్చి పుండు మీద పెట్టనివ్వనని చెప్పింది.

అక్క నా వైపు తిరిగింది. "నీ ఇంటి గేటుకుండే పాత పోస్టు డబ్బాలో ఏముండాది రా?"

అవును. మా చింతామణి ఇంటి గేటుకు రెండు పోస్టు డబ్బాలు ఉంటాయి. మొదటిదాన్ని ఏడేళ్ల కిందట చిన్న నల్ల ఈగలు ఆక్రమించాయి. జాబు వేసే సందును బంకతో మూసి, మూలన చిన్న గొట్టం పెట్టుకున్నాయి. నేను రెండో డబ్బా కొట్టించాను.

"చూసింటే మొదటి దినమే ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు అడగలే. నువ్వు అడిగింది ఎన్ని గొర్రెలని."

మేనల్లుడు సుత్తి కింద పెట్టి నవ్వాడు. ఆ ఇంట్లో ఆ నెలలో నేను విన్న మొదటి నవ్వు అది.

21, బుధవారం పొద్దున ఆ డబ్బా తలుపు బద్దతో మెల్లగా తెరిచాను. లోపల ఒక పెండ్లిపత్రిక, సగం మైనంలో మునిగి, పసుపు మరకతో ఉంది. దాని వెనక కుండలు. డెబ్బై మిల్లీలీటర్లు తీసి, కాచి ఆరబెట్టిన సీసాలో పోసి, మూసి, తొమ్మిది గంటల బస్సుకు తీసుకుపోయాను. పదకొండుకు కట్టు కట్టాము. ఒక్క రోజు ఆలస్యం.

26 సోమవారం, నూట పంతొమ్మిది.

29, గురువారం. పొద్దున ఎనిమిదికి చాకి బండి వచ్చింది. సన్నటి ఆకు తురుములో కదులుతున్న పిల్ల పురుగులను తట్టలతో దించుతూ మేనల్లుడు చేతులకు మందునీళ్లు పోసుకుని, నా దగ్గరికి రాకుండా దూరంగా నిలబడ్డాడు. నేను వాకిట్లో గచ్చు మీద కూర్చుని లెక్కపెట్టాను. ఒకసారి. రెండోసారి కుడినుంచి ఎడమకు. మూడోసారి, లెక్కించిన గడిలో చుక్క పెడుతూ.

"ఎంత మామా?"

"నూట ఒకటి."

"తొంబై ఎనిమిది కాదా?"

"కాదు. మూడు ఎక్కువ."

అక్క కొట్టం గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. ఆవు దగ్గరికి పోయి, దాని నొసటి మీద చేయి పెట్టి నిలబడింది. నాకు ఆ మూడు గళ్ళు ఎక్కడున్నాయో తెలుసు. కింది అంచున, తేనె గుడ్డ జారిపోయే చోట. గీతను ఒక వెంట్రుకవాసి లోపలికి గీసి ఉంటే అవి ఉండేవి కావు. కానీ గీసింది గీశాను. జేబులోంచి ఫోను తీశాను.

"దళారి నంబరు చెప్పప్పా."

మేనల్లుడు రెండు అడుగులు దగ్గరికి వచ్చాడు.

"నిజంగానే చేస్తావా?"

"చేస్తానని చెప్పాను కదా."

"ఆ ప్లాస్టిక్ కాయితాలు ఇట్ల పరువు మామా, అన్నీ. నేను ముట్టను, చూస్తా."

ఒకదానిపై ఒకటి పరిచాను. పెద్ద గీతలో చిన్న గీత, దానిలో ఇంకా చిన్నది. ఎండిపోతున్న మడుగులా ఉంది. అతడు తట్టల్లో పురుగుకు ఎంత జాగా కావాలో రోజూ లెక్కవేసేవాడు. చదరపు అడుగులంటే అతడికి నాకన్నా బాగా తెలుసు. వంగి చాలాసేపు చూశాడు.

"పోయిన సోమవారానికి ఇప్పటికి పద్దెనిమిది తగ్గింది. మూడు దినాలకి. అవునా?"

"అవును."

"ఫోను లోపల పెట్టు మామా."

"ఒప్పందం..."

"ఒప్పందం చేసుకొనింది నాతో కదా? నేనే మారస్తాండా. పురుగులు నాలుగో జ్వరం లేచే దినానికి యాభైకి దిగాల. అంతవరకూ ఊజి భయం తక్కువే. ఆకు నేను, నా పెండ్లాము కోసుకుంటాము. అమ్మ ఆవునే చూసుకోనీ, పురుగుల ఇంటి వైపు రాకూడదు." నిటారుగా లేచి అన్నాడు. "నువ్వు తొంబై ఎనిమిది అనింటే నేనే వాడికి ఫోను చేసుందును. నమ్మకుందును. మూడు గళ్ళు మింగేదానికి ఎంతసేపప్పా? సొంత అక్క ఆవు. నువ్వు మింగలే."

కొత్త అంకె, కొత్త గడువు కాగితం కింద రాసి, అతడికి చదివి వినిపించాను.

తరువాతి రోజుల్లో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, పని మాత్రం ఉంది. కింది అంచున గుడ్డ జారకుండా అక్క చీర అంచును ఇంకొక మెలిక తిప్పి కట్టే ఉపాయం కనిపెట్టింది. పుండు చిన్నదయ్యే కొద్దీ తేనె ఎనిమిది మిల్లీలీటర్ల నుంచి నాలుగుకు, నాలుగు నుంచి రెండుకు తగ్గించాము. గోడలోని గూడును కూడా లెక్కించాను. పైపు పెట్టిన మరునాడు ఒక నిమిషంలో మూడు ఈగలు లోపలికి పోయాయి. మార్చి 4న అదే వేళకు పద్నాలుగు పోయాయి, పైపు కొన చుట్టూ నల్లటి మైనపు అంచు కట్టాయి. పురుగుల ఇంటి లోపల ఒక్క నసురు ఈగ కూడా కనిపించలేదు. రోజూ వెతికినవాడు మేనల్లుడే కాబట్టి ఈ మాటను నేను నమ్ముతున్నాను.

మార్చి 11, సోమవారం. పురుగులు ముందురోజే నాలుగో జ్వరం లేచి, ఆకు నములుతున్న చప్పుడు వాకిట్లోకి వానలా వినిపిస్తోంది. లెక్క నలభై ఒకటి. మేనల్లుడు తలుపు దగ్గరి నుంచే "యాభై కంటే ఎంత తక్కువ మామా?" అని అరిచాడు. "తొమ్మిది" అన్నాను. "చాలు చాలు" అని లోపలికి పోయాడు. ఆ తరువాత అతడు దళారి మాట ఎత్తలేదు.

18న తొమ్మిది గళ్ళు. 20న చివరి కట్టు, ఇరవై ఒకటోది.

ఇది చదివి ఎవరైనా తమ పశువుకు తేనె పూయాలనుకుంటే, ముందు డాక్టరును పిలవమని చెబుతాను. పురుగులు తీసింది ఆమె, సూదులు వేసింది ఆమె. తేనె పని ఆ తరువాత మొదలైంది. తేనె లేకపోతే ఎన్ని రోజులు పట్టేదో నాకు తెలియదు, ఎందుకంటే దానికి పక్కన తేనె పూయని మరొక ఆవు లేదు. అమ్మ పూసిన గొర్రెలకు లెక్క లేదు. ఈ ఒక్క ఆవుకు ఉంది.

2024 మార్చి 25, సోమవారం, ఉదయం ఎనిమిది గంటల అయిదు నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు, ఎండ అప్పటికే చురుక్కుమంటోంది, పంట దిగి ఉష్ణమాపకం మళ్లీ చేరిన కొట్టంలో ఇరవై నాలుగు డిగ్రీలు. ఆవు మేస్తోంది. తొడ మీద రూపాయి బిళ్లంత మచ్చ, దాని చుట్టూ తెల్లటి పొట్టి వెంట్రుకలు. ప్లాస్టిక్ కాగితం ఆనించి, మార్కర్ పట్టుకుని చూశాను. గీయడానికి అంచు లేదు. అయినా కాగితాన్ని గళ్ళ మీద పరిచి, పద్ధతి ప్రకారం మూడుసార్లు చూశాను. వాడిన తేనె మొత్తం నూట ఇరవై మిల్లీలీటర్లు. తెరిచి ఉన్న గళ్ళు సున్నా.